తలల లెక్క

యారపిన్ జట్టు వాళ్ళ కార్లు వచ్చి ఆగాయి. దిగిన ప్రతివాడినీ కెప్టెన్ ఎరల్ టాంకిన్ వేలితో చూపించి, తనతో కలిపి లెక్కపెట్టుకున్నాడు. పదమూడు దగ్గర వేలు ఆగింది. వెనక్కి తిరిగి రోడ్డు వంక చూశాడు. గోధుమ చేల మధ్య ఆ మట్టిరోడ్డు మీద ఎక్కడా దుమ్ము లేవడం లేదు. ఇక వచ్చేవాళ్ళు లేరన్నమాట.

కురింగా మైదానం కంచె మీద మోచేతులు ఆన్చుకుని ఎదుటి జట్టు మనిషి లైల్ పెచెల్ ఇదంతా చూస్తున్నాడు. తనూ మనసులో లెక్కపెట్టాడు. పదమూడే.

మా ఫుట్‌బాల్ అందరూ ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తోనూ పట్టొచ్చు, జట్టుకి పద్దెనిమిది మంది దిగాలి. అంతమంది దొరక్కపోతే పద్నాలుగుతో సరిపెట్టుకోవచ్చు. పదమూడైతే ఆటే లేదు, ఎదుటివాళ్ళు గెలిచినట్టు రాసేస్తారు. ఒకే ఏడాదిలో రెండుసార్లు అలా చేతులెత్తేస్తే లీగ్ ఆ క్లబ్ పేరు కొట్టేస్తుంది. జూన్ నెలలో ఊరంతా జ్వరాలతో మంచమెక్కినప్పుడు యారపిన్ ఒకసారి చేతులెత్తేసింది. ఇవాళ రెండోసారి అయితే అంతే సంగతులు.

పోతే పోయిందిలే, ఆటేగా అనేవాళ్ళుంటారు. వాళ్ళు పట్నంలో ఉంటారు. యారపిన్‌లో ముందు బ్యాంకు మూశారు, తర్వాత బడి మూశారు, నిరుడు పబ్బు కూడా మూతపడింది. ఇక మిగిలింది గోధుమ గాదెలు, ఈ ఫుట్‌బాల్. చేనుకీ చేనుకీ మధ్య మైళ్ళ దూరం. మనిషి ముఖం మనిషి చూసేది శనివారం ఒక్కరోజే.

ఎరల్ తలలు లెక్కపెట్టేది పద్దెనిమిది నిండాయా లేదా అని కాదు. నాలుగేళ్ళ కిందట, కరువు మొదలైన ఏడు, వాళ్ళ జట్టులో కీత్ లైడ్‌లా అని ఒకడుండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆట లేని వారం చూసి ప్రాణం తీసుకున్నాడు. సోమవారం దాకా ఎవరికీ తెలియలేదు. శనివారం ఆట ఉండి ఉంటే, వాడు రాలేదేమని ఎవడో ఒకడు అడిగేవాడు, వెళ్ళి చూసేవాడు. అప్పట్నుంచి ఎరల్ ప్రతి శనివారమూ తలలు లెక్కపెడతాడు. రానివాడి ఇంటికి ఆట అయ్యాక స్వయంగా వెళతాడు. చెప్పాచెయ్యకుండా మానేస్తే ఎరల్ గుమ్మంలో ఉంటాడని తెలిసి, రాలేనివాళ్ళు ముందే ఫోన్ చేస్తారు. ఇవాళా చేశారు. ఒకడి భార్య పురిటికి వెళ్ళింది, ఒకడికి భుజం జారింది, ఇద్దరు గనిలో పనికిపోయి విమానం దొరక్క అక్కడే చిక్కుకున్నారు. అందరూ క్షేమమే. కానీ అందరూ దూరమే.

లైల్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. కురింగా గోల్ పక్కన మూల కాపలా కాయడం అతని పని. పంతొమ్మిది సీజన్లుగా అదే మూల. నిరుటి దాకా కురింగా ఒక్కసారి కూడా ఫైనల్స్‌కి, అంటే సీజన్ ఆఖరున పై జట్ల మధ్య జరిగే ఆటలకి, వెళ్ళలేదు. ఈ ఏడు వెళ్ళింది. ఇవాళ్టి ఆట ఓడినా గెలిచినా చోటు ఖాయం. గెలిస్తే మొదటి ఫైనల్ సొంత మైదానంలో ఆడొచ్చు, అంతే తేడా. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టర్ చెప్పేశాడు. వచ్చే ఏడు లేదు. ఈ ఒక్క ఫైనల్ ఆడి బూట్లు మేకుకి తగిలించేద్దామని అతని కోరిక. మనిషికి మరీ పెద్ద కోరికేం కాదు.

ఎదుటి జట్టులో ఆ మూలకి వచ్చి గోల్ కొట్టాలని చూసేవాడు ఎరల్. పదహారేళ్ళుగా ఏడాదికి రెండు శనివారాలు ఆ ఇద్దరూ ఒకరి పక్కటెముకల్లో ఒకరు మోచేతులు దిగేసుకుంటూ గడిపారు. ఒకసారి లైల్ ముక్కు విరిగింది. ఒకసారి ఎరల్ పళ్ళు రెండు రాలాయి. అలాంటి స్నేహం అది.

ఎరల్ చేతులు జేబుల్లో పెట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏరా లైల్. మీవాళ్ళు చాలామంది వచ్చినట్టున్నారే."

"ఇరవై మందికి పైనే ఉన్నాం. నువ్వు పదమూడుగురితో ఊరేగింపుగా వచ్చావు."

"ఒకణ్ణి ఇస్తారేమో అడుగుదామని."

నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళు నవ్వలేదు.

మా లీగ్‌లో ఒక రూలు ఉంది, ఒక మర్యాద ఉంది. రూలు ఏమిటంటే, మనుషులు చాలని జట్టుకి ఎదుటి జట్టు అప్పటికప్పుడు ఒకణ్ణి ఇవ్వొచ్చు. కానీ అలా వెళ్ళినవాడు సీజన్ ఆఖరు దాకా వెళ్ళిన జట్టు మనిషే. సొంత క్లబ్‌కి ఫైనల్స్ ఆడడానికి పనికిరాడు. మర్యాద ఏమిటంటే, ఆ రూలు ఎవరికీ గుర్తుండదు. జెర్సీ మార్చుకుని ఆడతాడు, ఆట అయ్యాక తిరిగొచ్చేస్తాడు. అంపైర్ ఆ కాసేపూ బూటు లేసు కట్టుకుంటూ ఉంటాడు. తాతల నాటి నుంచీ ఇంతే. ఈ మర్యాద లేకపోతే మా వైపు సగం క్లబ్‌లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయేవి.

కురింగా కార్యదర్శి గ్లెనిస్ జ్వార్ టీ గిన్నె దగ్గర నిలబడి ఉంది. లైల్ చెప్పిన విషయం విని తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "ఇవ్వకపోతే ఎలా? తొంభై ఆరులో మనకి పన్నెండుగురే వస్తే వాళ్ళు ఇద్దర్నిచ్చారు. జారెడ్‌ని అడుగు" అంది.

జారెడ్ వుల్కాట్ కురింగా కెప్టెన్, కోచ్ కూడా. ఈ ఏడే పట్నం నుంచి జీతం ఇచ్చి తెచ్చుకున్నారు. కుర్రాడు ఆట బాగా ఆడతాడు, కాదనను. ఫైనల్స్‌కి చేర్చింది కూడా అతనే. కానీ ఆట అంటే గెలవడమొక్కటే అనుకునే రకం.

"సరే, తీసుకెళ్ళండి. ఎవరిని?"

లైల్ చెయ్యెత్తాడు.

జారెడ్ అతని మోకాళ్ళ వంక చూసి నవ్వాడు. "తాతగారా? మంచిదే. ఆయన్ని ఇచ్చినా మాకు తరుగేం లేదు."

లైల్ నీలం జెర్సీ విప్పి, యారపిన్ వాళ్ళ ఎర్రచారల జెర్సీ వేసుకున్నాడు. అది పొట్ట దగ్గర బిగిసింది. ఎరల్ చూసి, "అది కీత్‌ది. వాడు సన్నం" అన్నాడు.

ఆట మొదలైంది. పద్దెనిమిది మందికి పద్నాలుగు మంది ఎదురు. సగం ఆటకే చాప చుట్టేస్తారనుకున్నారు అందరూ. చుట్టలేదు. కాళ్ళ కింద నేల లేనివాడు ఆడే ఆట వేరు. యారపిన్ వాళ్ళు బంతి కోసం మట్టిలో బోర్లా పడి ఈదారు. కంచె చుట్టూ ఆపిన కార్లు ఎవరి గోల్‌కి వాళ్ళు హారన్లు కొడుతున్నాయి.

లైల్ తన మూలలోనే ఉన్నాడు, కానీ మైదానం రెండో కొసన. ఇప్పుడు అతను అడ్డుకునేది తనతో కలిసి పెరిగిన వాళ్ళనే. మొదట్లో చెయ్యి రాలేదు. సొంతవాణ్ణి భుజంతో గుద్దడం ఎంత కష్టమో గుద్దితే తెలుస్తుంది. కానీ అరువిచ్చిన మనిషి నిజాయితీగా ఆడాలి, అది కూడా మర్యాదలో భాగమే. రెండుసార్లు గోల్ దాకా వచ్చిన బంతిని ఎగిరి పట్టేశాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావేంట్రా" అన్నాడు పక్కన ఉన్న కురింగా కుర్రాడు, పగలబడి నవ్వుతూ.

"మీ ఇంట్లో వాసాలు కూడా ఉన్నాయా" అన్నాడు లైల్.

అప్పటికి అంతా నవ్వులాటే. ఆఖరిదైన నాలుగో భాగం సగం గడిచేసరికి యారపిన్ నాలుగు పాయింట్లు ముందుకెళ్ళింది. అప్పుడు నవ్వులు ఆగాయి.

జారెడ్ మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి స్కోరు బోర్డు చూశాడు. తన జట్టులో ఒకణ్ణి పిలిచి బయటికి వెళ్ళి కూర్చోమన్నాడు. వాడి బదులు ఎవరినీ లోపలికి పిలవలేదు. ఆ తర్వాత అంపైర్ దగ్గరికి నడిచాడు.

"లెక్క కావాలి."

అంపైర్ క్లూన్స్‌కి అరవై దాటాయి. విన్నది సరిగ్గా వినలేదేమో అన్నట్టు తల వంచాడు. కెప్టెన్ అడిగితే అంపైర్ ఆట ఆపి, రెండు జట్లనీ మధ్యలో వరసగా నిలబెట్టి, తలలు లెక్కపెట్టాలి. రూలు ఉంది. వాడినవాడే లేడు. ముప్పై ఏళ్ళుగా ఈల పట్టుకుని తిరుగుతున్న క్లూన్స్‌ని ఆ మాట అడిగినవాడు జారెడే మొదలు.

"నాన్నా, ఆలోచించే అడుగుతున్నావా?" అన్నాడు క్లూన్స్ మెల్లగా.

"వాళ్ళకి ఉన్నది పదమూడుగురే సార్. పద్నాలుగోవాడు మా మనిషి. లెక్క పెట్టండి."

క్లూన్స్ ఈల వేశాడు. హారన్లు ఆగిపోయాయి. పిల్లలు కంచె ఎక్కారు. రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి. నీలం వరసలో జారెడ్ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలిపెట్టాడు. బయటికి పంపినవాడి చోటు అది. లైల్ కోసం అట్టేపెట్టాడన్నమాట. చూసినవాళ్ళందరికీ అర్థమైంది.

లైల్ రెండు వరసల మధ్యా నిలబడిపోయాడు.

"మిస్టర్ పెచెల్" అన్నాడు క్లూన్స్. అన్నేళ్ళలో అతన్ని ఇంటిపేరుతో పిలవడం అదే మొదటిసారి. "నేనిక చూడనట్టు ఉండలేను, నన్ను అడిగేశారు. మీరు ఏ వరసలో నిలబడితే సీజన్ ఆఖరు దాకా ఆ జట్టు మనిషే. అటు నిలబడితే వీళ్ళు పదమూడుగురు. ఆట అక్కడితో సరి. ఇటు నిలబడితే మీకు ఫైనల్స్ లేవు. తెలుసుగా?"

"తెలుసండీ."

"రా లైల్" అన్నాడు జారెడ్. గొంతులో కోపం లేదు, అదే ఇంకా బాధ. "నీ చోటు ఖాళీగానే ఉంది. పంతొమ్మిదేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నావట కదా, నీకోసమే చెప్తున్నా."

లైల్ నీలం వరసలోని ముఖాలు చూశాడు. కొందరు నేల చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం రమ్మని కళ్ళతోనే బతిమాలుతున్నారు. వాళ్ళలో ఒకడి పెళ్ళిలో ఇతను తోడు పెళ్ళికొడుకు.

వెనక నుంచి ఎరల్ గొంతు వినిపించింది.

"వెళ్ళరా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోయే క్లబ్బే మాది. నీకు ఫైనల్ మళ్ళీ రాదు. వెళ్ళు, నేనేం అనుకోను."

అనుకోడని లైల్‌కి తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది.

మూడేళ్ళ కిందట, కరువు ముదిరిన ఏడు, ఇదే రెండు జట్ల ఆట ఉన్న శనివారం లైల్ ఆటకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి అని భార్య రేలీన్‌కి అబద్ధం చెప్పాడు. ఆమె కేంటీన్‌లో మాంసం కూరిన పైలు అమ్మడానికి వెళ్ళింది. అప్పటికే అతను గొర్రెలు అమ్మేశాడు. గోధుమ మోకాలెత్తు కూడా పెరగక ఎండిపోయింది. లైల్ ట్రాక్టర్ షెడ్డులో పీపా మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకి తుపాకీ ఉంది. ఆ రోజు తనేం ఆలోచించాడో అతను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పను.

పొద్దు వాలుతుండగా ఎరల్ వచ్చాడు. ఇంకా ఫుట్‌బాల్ మేజోళ్ళతోనే ఉన్నాడు, మోకాళ్ళకి దుమ్ము. వాడికి శత్రుజట్టు మనిషి ఇతను, వాడి లెక్కలోకి రాడు. అయినా వచ్చాడు. "నన్ను గుద్దేవాడు ఇవాళ రాలేదేంటా అని చూసిపోదామని" అన్నాడు. ఇంకో పీపా దొర్లించుకుని కూర్చున్నాడు. గంటల తరబడి ఇద్దరూ వానల గురించీ కుక్కల గురించీ మాట్లాడారు. వెళ్ళేటప్పుడు గోడ మీది తుపాకీ తీసి చంకన పెట్టుకున్నాడు. "మా వైపు కుందేళ్ళు ఎక్కువైపోయాయిరా, కొన్నాళ్ళు వాడుకుని ఇస్తా" అన్నాడు. ఎరల్ దగ్గర సొంతానికి తుపాకులు రెండున్నాయి. లైల్‌కి ఆ సంగతి తెలుసు. తెలుసని ఎరల్‌కీ తెలుసు. మరుసటి ఏడు వానలు పడి కోతలయ్యాక తుపాకీ తిరిగొచ్చింది, నూనె పట్టించి, గుడ్డలో చుట్టి. ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు.

లైల్ నీలం వరస నుంచి చూపు తిప్పుకున్నాడు. నడిచి వెళ్ళి ఎర్రచారల వరసలో చివర నిలబడ్డాడు.

"ఒరేయ్" అన్నాడు ఎరల్ పక్కకి వంగి.

"నా వంక చూడకు. ముందుకి చూసి నిలబడు."

క్లూన్స్ ఒక్కొక్కరి భుజం తాకుతూ వరస పొడుగునా నడిచాడు. చివరి భుజం మీద చెయ్యి కాసేపు ఉంచాడు. "పద్నాలుగు" అన్నాడు. తర్వాత రూలు ప్రకారం పేరూ, క్లబ్బూ అడిగాడు.

"లైల్ పెచెల్." బిగిసిన జెర్సీ కిందికి లాక్కున్నాడు. తర్వాత క్లబ్బు చెప్పాడు. "యారపిన్."

గ్లెనిస్ జ్వార్ టీ గిన్నె వదిలేసి కేంటీన్ వెనక్కి వెళ్ళిపోయింది. ఏడవడానికేనని అందరికీ తెలుసు.

తప్పుడు లెక్క అడిగిన జట్టుకి శిక్ష ఉంది. బంతి ఎదుటి కెప్టెన్‌కి ఇచ్చి, యాభై మీటర్లు ముందుకి జరిపి తన్నమంటారు. ఎరల్ గోల్‌కి దగ్గరగా, ఎదురుగా నిలబడ్డాడు. అక్కడి నుంచి మా అమ్మమ్మైనా కొడుతుంది. అతను తన్నిన బంతి మాత్రం పక్కకి పోయింది, గోల్‌కి రావలసిన ఆరు పాయింట్లకి బదులు ఒక్క పాయింటే వచ్చింది. అయినా సైరన్ మోగేసరికి యారపిన్‌దే గెలుపు. వాళ్ళు గంతులేయలేదు. ఒక్కొక్కరూ వచ్చి లైల్ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు.

కురింగా బట్టల గదిలోకి వెళ్ళడానికి అతనికి ముఖం చెల్లలేదు. ఆ అవసరం లేకుండానే ఎవరో అతని సంచి తెచ్చి గుమ్మం బయట పెట్టారు. కోపంతో పెట్టారో, జాలితో పెట్టారో తెలియదు. నీలం జెర్సీ మాత్రం అందులో లేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారు రేలీన్ నడిపింది. ఊరు దాటారు.

"తిట్టేదుంటే తిట్టు" అన్నాడు లైల్.

"నేనెందుకు తిడతాను."

"ఈ ఫైనల్ కోసం పంతొమ్మిదేళ్ళు నాతో పాటు నువ్వూ ఎదురుచూశావు."

"చూశాను." కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది. "ఆ ఏడు షెడ్డు గోడ మీద తుపాకీ లేకపోవడం కూడా చూశాను. ఎవడు పట్టుకెళ్ళాడో కనుక్కున్నాను. నువ్వు చెప్తావేమోనని ఆగాను."

లైల్ కిటికీ వైపు తిరిగాడు. చీకటి పడలేదు కాబట్టి ఏడుస్తున్నట్టు ఆమెకి కనిపించింది. ఆమె ఒక చెయ్యి అతని మోకాలి మీద పెట్టి, రెండో చేత్తో కారు నడిపింది.

సెప్టెంబరులో కురింగా ఒక్కో ఫైనలూ గెలుచుకుంటూ పోయి ఆఖరి ఆటకి చేరింది. అదీ గెలిచింది. అన్నేళ్ళు అతను కాపలా కాసిన మూలలో ఒక కొత్త కుర్రాడు ఆడాడు, బాగానే ఆడాడు. చేతికొచ్చింది నోటికి అందకపోవడం అంటే ఏమిటో లైల్ ఆ రోజు మైదానం అవతలి కంచె దగ్గర ఒంటరిగా నిలబడి తెలుసుకున్నాడు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని పిలవనూ లేదు. సైరన్ మోగింది. నీలం జెర్సీలన్నీ మైదానం మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడి క్లబ్ పాట అందుకున్నాయి. ఆ పాటలో ప్రతి మాటా అతనికి వచ్చు. పెదాలు వాటంతట అవే కదిలాయి. చేసిన పనికి విచారం లేదు. కానీ ఆ పాడేవాళ్ళ మధ్య తనకి చోటు లేదే అన్న బాధ కూడా లేదని ఎలా అంటాడు?

కార్ల వరస వెనక నుంచి ఎరల్ వచ్చాడు. వెనకాలే యారపిన్ వాళ్ళు, చేతుల్లో పైలు, మూతులకి టమాటా సాసు. ఇవాళ వాళ్ళకి ఆట లేదు. ఊరికే చూడడానికి వచ్చారనుకున్నాడు లైల్.

ఎరల్ ఆగి, తనవాళ్ళని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పెదాలు కదిపాడు. చివరికి ఆ వేలు లైల్ ఛాతీ మీదికి వచ్చి ఆగింది.

"ఇక్కడున్నావా" అన్నాడు. "అటు లెక్కపెడితే ఒకడు తక్కువొచ్చాడు. వెతుక్కుంటూ వచ్చాం."